ఎవరి పద్యం?

తెనాలిలో నాటకాలు చూసి పెరిగిన పెద్దవాళ్ల ముందు ‘పాండవోద్యోగ విజయాలు’లోని పద్యం ఒకటి ఎత్తితే, ముందుగా వచ్చే ప్రశ్న ‘ఎవరి పద్యం?’ అని. రాసింది తిరుపతి వేంకట కవులని వాళ్లకి తెలియక కాదు. వాళ్లు అడిగేది పాడినవారి సంగతి. పీసపాటి నరసింహమూర్తి గారిదా, షణ్ముఖి ఆంజనేయరాజు గారిదా, ఈలపాట రఘురామయ్యదా? మాటలు అవే, గణాలు అవే, యతి పడేదీ అక్కడే. అయినా వినేవాళ్ల లెక్కలో అవి మూడు పద్యాలు.

పుస్తకంలో పద్యం పక్కన స్వరం ఉండదు. ఉత్పలమాలకు పాదానికి 20 అక్షరాలు, చంపకమాలకు 21. ఛందస్సు చెప్పే లెక్క అంతవరకే. ఆపైన జరిగినదంతా నటుడి గొంతులో పుట్టి, శ్రోత చెవిలో నిలిచింది. అందుకే ఈ ఊరి పాట చరిత్ర కోసం గ్రంథాలయానికి ఒకసారి వెళ్తే, అరుగుల మీదికి పదిసార్లు వెళ్లాలి.

1880లో ధార్వాడ నాటక సమాజం కోస్తా ఊళ్లు తిరిగి వెళ్లాక తెలుగువాళ్లకి రంగస్థలం మీద మోజు పుట్టింది. ఆ మోజు తెనాలిలో గట్టిగా వేళ్లూనింది. శ్రీరామ విలాస సభ ఈ ఊరిదే. బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు ఆ సభ నాటకాల్లో సత్యభామగా వెలిగారు. 1956లో పద్మశ్రీ అందుకున్నారు. మాధవపెద్ది వెంకట్రామయ్య, గోవిందరాజుల సుబ్బారావు వంటి వాళ్ల పేర్లూ ఈ ఊరితోనే ముడిపడి ఉన్నాయి. దీనికి తోడు తెనాలి రైల్వే జంక్షను. గుంటూరుకీ రేపల్లెకీ దారులు ఇక్కడే చీలతాయి. ఏ ఊళ్లో నాటకమైనా నటులు రైలు దిగి, రాత్రికి రంగు పూసుకుని, తెల్లారి బండెక్కి పోవచ్చు.

ఆ సదుపాయం మీదే కాంట్రాక్టు నాటకం బతికింది. కాంట్రాక్టరు ఒక్కో నటుణ్ణి ఒక్కో ఊరినుంచి పిలిపించేవాడు. ఒక నాటకంలో ఇద్దరు ముగ్గురు కృష్ణులు, ఒక సీనుకి ఒకరు. ‘హరిశ్చంద్ర’లో వారణాసి సీనుకి ఒక హరిశ్చంద్రుడు, కాటిసీనుకి మరొకడు. రిహార్సలు ఉండదు. అందరికీ నాటకమంతా కంఠతా వచ్చి ఉండాలి. ఒకే రాత్రి ఒకే పాత్రను ఇద్దరి గొంతులో వినడం వల్ల ప్రేక్షకుడికి పోల్చి చూసే చెవి వచ్చింది. ‘ఎవరి పద్యం?’ అనే ప్రశ్న ఆ చెవిలో పుట్టిందే.

పద్యం పాడటంలో పనితనం ఎక్కడుంది? పద్యానికి తాళం లేదు. నటుడు మోహనలోనో కల్యాణిలోనో సింధుభైరవిలోనో ఎత్తుకుంటాడు. మాటలు అర్థం చెడకుండా విరవాలి, సమాసం మధ్యలో ఊపిరి అందకపోతే పరువు పోతుంది. నాలుగో పాదం చివర రాగం తీస్తాడు. ఆ రాగం ఎంతసేపు తియ్యాలన్న దగ్గరే రెండు దారులు చీలాయి. పీసపాటి పద్యాన్ని మాటలా చెప్పి, అర్థం వినిపించాక రాగం క్లుప్తంగా ముగించేవారని అభిమానులంటారు. మరో పక్షానికి రాగమే విందు. రాగం సాగినకొద్దీ ‘వన్స్ మోర్’లు, వన్స్ మోర్‌తో పాటు చదివింపులు. రాయబారం మధ్యలో కృష్ణుడు ఆగి, పది రూపాయలు చదివించిన పెద్దమనిషికి నమస్కారం పెట్టేవాడు. కథ దెబ్బతిందని విసుక్కున్నవాళ్లూ ఆ పద్యాన్ని మాత్రం మరిచిపోలేదు.

గొంతు సంగతి మరొకటి. కచేరీ విద్వాంసుడు మామూలుగా ఒకటి, ఒకటిన్నర శ్రుతిలో పాడుకుంటాడు. నాటకం నటుడు నాలుగు, నాలుగున్నరకి ఎక్కుతాడు. మైకు లేని రోజుల్లో బండ్లు విప్పుకుని చివర కూర్చున్న రైతుకి అక్షరం అక్షరం అందాలంటే అంత ఎత్తు తప్పలేదు. మైకు వచ్చాక అవసరం పోయినా అలవాటు పోలేదు. రఘురామయ్య అంతటితో ఆగక, నోట్లో వేలు పెట్టి అదే పద్యాన్ని ఈలపాటగా వినిపించేవాడు.

ఇంత ఎత్తున పాడేవాణ్ణి నిలబెట్టేది హార్మోనీ. హార్మోనిస్టు శ్రుతి ఇస్తాడు, పాదం పాదం మధ్య నటుడు ఊపిరి పీల్చుకునే జాగాలో రాగాన్ని కింద పడనివ్వడు. రాత్రికి ఎంతమంది కృష్ణులు వస్తే అన్ని శ్రుతులూ అతని వేళ్లకి తెలిసి ఉండాలి. చిత్రమేమంటే, రేడియోలో 1940 నుంచి 1971 దాకా హార్మోనియానికి ప్రవేశం లేదు. 1948లో విజయవాడ కేంద్రం వచ్చినా నాటకం పందిట్లో మోగిన ఆ జోడు రేడియోలోకి అలాగే ఎక్కలేదు. గ్రామఫోను రికార్డుల్లో పద్యాలున్నాయి కానీ, పళ్లెం ఒక వైపు పట్టేది సుమారు మూడు నిమిషాలు. పందిట్లో సాగినంత రాగం అందులో పట్టదు. మిగిలిన సాక్ష్యం మనుషులే.

వాళ్ల దగ్గర కూర్చునేవాళ్లకి కొన్ని మెలకువలు కావాలి. ‘ఏ సంవత్సరం?’ అని అడిగితే జవాబు రాదు. ‘దివిసీమ తుపానుకి ముందా, తర్వాతా?’ అంటే వెంటనే చెబుతారు. అక్కణ్ణించి 1977 అటో ఇటో తేలుతుంది. ఒకే రాత్రి గురించి ఇద్దరు ముగ్గురిని విడివిడిగా అడగాలి. పేర్లు సరిచూడటానికి పాత కరపత్రాలు పనికొస్తాయి, వాటిలో ఏ సీనుకి ఎవరో అచ్చు వేసేవారు. పొగడ్త వింటే సరిపోదు, ఎంత శ్రుతి, ఏ మాట దగ్గర విరిచారు, రాగం ఎక్కడ తిప్పారు అని అడగాలి.

కరపత్రం మీద లావు అక్షరాల్లో లేనివాళ్లని వెతకడం ఇంకా ముఖ్యం. స్థానం వారు తమ అనుభవాలు ‘నటస్థానం’గా రాసి వెళ్లారు. హార్మోనిస్టులు, తబలావాళ్లు, కిరీటాలూ తెరలూ అద్దెకిచ్చినవాళ్లు అలా రాసుకోలేదు. తెల్లవార్లూ చంద్రమతిగా ఏడ్చి, పగలు లోకుల మాటలు పడ్డ నటీమణులదీ అంతే. కాంట్రాక్టు డబ్బు ఎంత, ఎప్పుడు చేతికొచ్చింది, ఎవరు ఎగ్గొట్టారు అన్న లెక్కలు వాళ్ల నోటే వినాలి.

ఎన్ని ప్రశ్నలు వేసినా చివరికి ఒకటే మాట అడగాలి: ‘ఒక్కసారి పాడి చూపించండి.’ గొంతు పోయిందని రెండుసార్లు కాదంటారు. మూడోసారి కళ్లు మూసుకుని ఎత్తుకుంటారు. రెండో పాదం అయ్యాక ఆగిపోతే మరిచిపోయారనుకుని టేపు ఆపకూడదు. అక్కడ హార్మోనీ రావాలి. అది లేదు కనక, పెదాలు బిగించి ఆ ముక్కనీ వాళ్లే కూనిరాగంతో పూరించి, అప్పుడు మూడో పాదం అందుకుంటారు.