రైలు దారి పొడుగునా సత్యభామ

వేటపాలెం స్టేషన్లో బెజవాడ వైపు పోయే ప్యాసింజరెక్కితే చీరాల వస్తుంది, బాపట్ల వస్తుంది, నిడుబ్రోలు దాటి తెనాలి వస్తుంది. తెనాలి దాటాక నేను కూర్చోలేను. లేచి తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడతాను. దుగ్గిరాల. పసుపు కొమ్ములమ్మే ఊరు. ఏ నెలలో వెళ్ళినా ఆ గాలి నాకు పసుపు వాసనే వేస్తుంది. జమునా, నువ్వు జడ వేసుకుని బడికెళ్ళిన ఊరది.

నిన్ను 'మీరు' అనాలని తెలుసు. మా అమ్మ కన్నా పెద్దదానివి. కానీ తెర మీద నువ్వు కనపడగానే ఆ గౌరవ వాచకం నా నోట నిలవదు. దేవతల్నీ పసిపిల్లల్నీ నువ్వనే పిలుస్తాం కదా.

1936లో హంపిలో పుట్టావు. ఇంట్లో కన్నడం, వీధిలో తెలుగు. మా డెల్టా నిన్ను పెంచింది, తన యాస నీ నోట పెట్టింది. పక్కనే మోరంపూడి జగ్గయ్య. నాటకాలకొచ్చి మీ ఇంట్లో బస చేసిన చిర్రావూరు సావిత్రి. 'మా భూమి' నాటకంలో నిన్ను చూసి డాక్టర్ గరికపాటి రాజారావు 'పుట్టిల్లు'కు పిలిచాడు. 1953. నీకు పదహారేళ్ళు. మెట్టినింటి మాట ఇంకా తెలియని పిల్లకు మొదటి సినిమా పేరు పుట్టిల్లు! ఆ పేరు తలుచుకున్నప్పుడల్లా నా గుండె నిండుతుంది.

రెండేళ్ళకు 'మిస్సమ్మ'. చుట్టూ సావిత్రి, రామారావు, నాగేశ్వరరావు, రంగారావు. అంతమంది మహామహుల మధ్య పద్దెనిమిదేళ్ళ సీతవి, ఒక్క క్షణం బెదరలేదు. నీ కళ్ళు అందరికంటే ముందు నవ్వేవి. మాట తర్వాత వచ్చేది. అదే సినిమా తమిళంలో తీస్తే సీతవు నువ్వే, 1957లో హిందీలో 'మిస్ మేరీ' తీస్తే అందులోనూ నువ్వే. మేరీలు మారారు, సావిత్రి పోయి మీనాకుమారి వచ్చింది. సీత మారలేదు.

మా అమ్మమ్మ రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది. తాతయ్య గుంటలో కాళ్ళు పెట్టుకుని నాడె విసిరేవాడు. చీరాలలో నీ బొమ్మ వచ్చిందంటే ఆ వారం కండెలు ముందే తయారయ్యేవి. పగలంతా నూలుతో మెలిగిన ఆ వేళ్ళకు తెర మీద చీర అంచు కూడా లెక్కే. "ఆ పిల్ల కట్టు చూడవే, కుచ్చిళ్ళు ఎంత కుదురుగా ఉన్నాయో" అనేదట. నేతగాళ్ళ ఇంటి ఆడవాళ్ళు నిన్ను ముందు చీరలో చూశారు, తర్వాతే పాత్రలో.

ఇక నా ప్రాణం దగ్గరికి వస్తాను. సత్యభామ.

సత్యభామ మాకు పురాణంలోంచి రాలేదు, బాపట్ల నుంచి వచ్చింది. 1902లో అక్కడ పుట్టిన స్థానం నరసింహారావు, తెనాలి రామవిలాస సభ రంగం మీద ఆడవేషం కట్టి, 'శ్రీకృష్ణ తులాభారం'లో భామై నడిస్తే పల్లెలన్నీ బళ్ళు కట్టుకుని వచ్చేవి. ఆ నడక చూసిన కళ్ళకు ఇంకో సత్యభామ ఆనడం కష్టం. అయినా నువ్వు వచ్చావు. ఇరవై ఏళ్ళకే 'వినాయక చవితి'లో భామవయ్యావు. తర్వాత 1966లో 'శ్రీకృష్ణ తులాభారం'. తీసింది ఎవరు? మా పొరుగున ఉన్న కారంచేడు రామానాయుడు. రెండేళ్ళ ముందు తన 'రాముడు భీముడు'లో కూడా నిన్నే పెట్టుకున్నాడు. బాపట్ల పురుషుడి సత్యభామ దుగ్గిరాల పిల్లలోకి దిగి, కారంచేడు రైతుబిడ్డ డబ్బుతో వెండితెర ఎక్కింది. స్థానం రంగస్థలం మీద పాడిన పాటే సుశీల గొంతులో నీ పెదవుల మీదికొచ్చింది. ఇదంతా మా రైలు దారి పొడుగునా జరిగింది. ఇంత దగ్గర్లో ఇంత పెద్ద కథ నడవడం ఎంత అదృష్టమో!

అలక పాన్పు మీద నువ్వు. కాళ్ళ దగ్గర జగన్నాథుడు. ఎడమకాలు లేస్తుంది, కిరీటం కదులుతుంది. హాలంతా ఊపిరి బిగపడుతుంది. ఎన్టీ రామారావు కృష్ణుడై కనిపిస్తే హారతిచ్చే జనం వాళ్ళు. ఆ తలను తన్నిన పాదాన్ని కూడా వాళ్ళు కళ్ళకద్దుకున్నారు. అది నీ వల్లే సాధ్యమైంది. ఆ తన్నులో పొగరు మాత్రమే ఉంటే ఎవరూ ఒప్పుకునేవారు కాదు. పొగరు కింద బెంగ ఉంది. నావాడు నాకే కావాలన్న పసితనపు బెంగ.

ఆ పంతం వేషంతోపాటు విప్పేసింది కాదు. అగ్ర కథానాయకులిద్దరూ నీతో నటించేది లేదన్న రోజులున్నాయి. తప్పు చేయనిదే తల వంచనన్నావు. మూడేళ్ళ పాటు హరనాథ్‌తో, జగ్గయ్యతో పనిచేశావు. చివరికి తెనాలి చక్రపాణి అందరినీ కూర్చోబెడితే, 1962లో 'గుండమ్మ కథ' వచ్చింది. సరోజవి. సూర్యకాంతం గారాబాల కూతురివి. ఆ సరోజ తోటలో పనిచేసి చేతులు కందించుకున్నప్పుడు మేం నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాం.

అన్ని పంతాలూ ఒక్కసారిగా వదిలేసింది మాత్రం 'మూగమనసులు' గౌరి. 1964. నీకప్పటికి ముప్ఫై రాలేదు. గోదావరి ఒడ్డున గోపీని మనసులో పెట్టుకుని పైకి చెప్పకుండా తిరిగిన పిల్ల, వాడు రాధమ్మతో సుడిలో కలిసిపోతే, ముసలిదై ఆ కథ చెప్పడానికి మిగిలిపోతుంది. ప్రేమ దొరికినవాళ్ళు మళ్ళీ పుట్టారు. దొరకని గౌరి చావకుండా కాపలా కాసింది. ఆ ముసలి గొంతు ఎక్కడ నేర్చావు తల్లీ? దర్శకుడు ఆదుర్తి అదే కథను హిందీలో 'మిలన్'గా తీస్తే అక్కడా గౌరివి నువ్వే. ఫిలింఫేర్ బహుమతి నీ ఇంటికి నడిచొచ్చింది. నా లెక్కలో సత్యభామ నీ కిరీటమైతే గౌరి నీ ఆత్మ. రెండింటిలో ఒకటే ఉంచుకోమంటే ఉంచుకోలేను.

1989లో రాజమండ్రి నిన్ను పార్లమెంటుకు పంపింది. గౌరి ఊరికి పడవ వేసినట్టే అనిపించింది మాకు.

మా ఊళ్ళో సారస్వత నికేతనం ఉంది, 1918 నాటిది. పాత పత్రికలు దొంతర్లుగా ఉంటాయి. చదువుకునే రోజుల్లో పరీక్ష పుస్తకాలని చెప్పి వెళ్ళి, పసుపుబారిన ఆ కాగితాల్లో నీ బొమ్మల కోసం వెతికేదాన్ని. అచ్చు మసకబారినా నీ చూపు మసకబారలేదు.

2023 జనవరి 27. నువ్వు వెళ్ళిపోయావని టీవీ చెప్పింది. అమ్మ వంటింట్లోంచి రాలేదు. నేను తులాభారం పెట్టాను. పాట మొదలయ్యేసరికి వచ్చి నా పక్కన కూర్చుంది. డెబ్భై దాటిన అమ్మ, పలచబడ్డ తన జడను ఎడమ భుజం మీంచి ముందుకు వేసుకుని, మెడ కొంచెం పక్కకు వంచింది.