బొమ్మలో రామేశ్వరి, బయట నిఖత్

తెలుగు సినిమాకు పిడికిలి కొత్త కాదు. మా సీమ పేరు చెప్పి మరీ బిగించిన పిడికిళ్ళు ఎన్నో. 1999 'సమరసింహారెడ్డి' మొదలు 2002 'ఇంద్ర' దాకా మా చేతుల్లో వేటకొడవళ్ళూ నాటుబాంబులూ పెట్టి, మా ఎర్రమట్టి మీద సుమోలు తిప్పి డబ్బు చేసుకున్నారు. అనంతపురం అంటే కరువూ కక్షా తప్ప ఇంకేమీ లేదని దేశానికి చెప్పారు. ఆ బొమ్మల్లో శెనక్కాయ చేలు ఎండటం చూపలేదు, బెంగుళూరు బస్సెక్కే వలస చూపలేదు. అందుకే గంట కొడితే మొదలై, గంట కొడితే ఆగి, రిఫరీ చెయ్యి ఎత్తితే ఒప్పుకునే పిడికిలి తెరమీదికి వచ్చిందంటే మేము ఆశగానే చూశాం. ఆ బొమ్మ పేరు 'గురు'. 2017 మార్చి 31న విడుదలైంది. అంతకు ముందు ఖరీఫ్‌లో మా జిల్లాలో వాన ముఖం చాటేసి, ప్రభుత్వం చేలల్లో రెయిన్ గన్‌లు పెట్టించి శెనక్కాయను కాపాడతామని తిరిగింది. ఆ ఏడు గడిచీ గడవకముందే వచ్చిన సినిమా అది.

ముందు అది తయారైన తీరు చెప్పుకోవాలి. ఎందుకంటే ఈ బొమ్మలో మంచి అంతా ఆ తీరులోనే ఉంది.

దర్శకురాలు సుధ కొంగర తెలుగింటి మనిషి, మద్రాసులో పెరిగి మణిరత్నం దగ్గర పని నేర్చుకున్నది. దర్శకత్వం మొదలెట్టింది తెలుగులోనే, 2008లో కృష్ణభగవాన్ హీరోగా 'ఆంధ్రా అందగాడు'తో. అది ఎవరికీ గుర్తులేదు, గుర్తు పెట్టుకోవలసిన అవసరమూ లేదు. తర్వాత తమిళంలో 'ద్రోహి' తీసింది. ఆ తర్వాత ఉత్తర మద్రాసు బీద బస్తీల్లో బాక్సింగ్ నేర్చుకునే ఆడపిల్లల బతుకుల నుంచి కథ పట్టుకుంది. మాధవన్ కోచ్‌గా తమిళంలో 'ఇరుది సుట్రు', హిందీలో 'సాలా ఖడూస్' ఒకేసారి తీసి 2016 జనవరిలో వదిలారు. దాన్నే మరుసటి ఏడు వెంకటేష్‌తో తెలుగులో మళ్ళీ తీశారు. మద్రాసు హార్బరు పోయి విశాఖ సముద్రం వచ్చింది. మది అనే పిల్ల రామేశ్వరి అయింది, రాముడు అని పిలిపించుకుంది.

మూడు భాషల్లోనూ ఆ పిల్ల మాత్రం ఒకతే. రితికా సింగ్. ఆమె నటి కాదు, కిక్ బాక్సర్. రింగులో దెబ్బలు తినీ కొట్టీ వచ్చిన మనిషి. నటిని తెచ్చి మూడు నెలలు బాక్సింగ్ నేర్పడం మనకు మామూలు. ఇక్కడ బాక్సర్‌ని తెచ్చి నటన నేర్పారు. దాని ఫలితం తెరమీద ప్రతి ఫ్రేములో కనిపిస్తుంది. ఆమె నిలబడే తీరు చూడండి. ఎడమ కాలు ముందు, గడ్డం కిందికి, భుజం అడ్డం. ఎదుటి మనిషి చెయ్యి కదలక ముందే ఆమె తల కదులుతుంది. సినిమా బాక్సింగులో ప్రతి దెబ్బా తగులుతుంది, నోట్లోంచి నెత్తురు తుంపరలు స్లోమోషన్‌లో ఎగురుతాయి. అసలు బాక్సింగులో సగం విద్య దెబ్బ తప్పించుకోవడమే. మా ఊళ్ళ పాత తాలీంఖానాల్లో ఉస్తాదులు పిల్లలకు మొదట నేర్పేది కూడా అదే. కొట్టేది తర్వాత, ముందు పడకుండా నిలబడు అంటారు. రితిక ఒంటికి ఆ విద్య తెలుసు. కెమెరాకు అబద్ధం చెప్పే పని తప్పింది. ఆ ఏటి జాతీయ అవార్డుల్లో ఆమెకు ప్రత్యేక ప్రస్తావన వచ్చింది. అది దయతో ఇచ్చింది కాదు.

రెండో మంచి, కడుపుకు సంబంధించింది. రామేశ్వరి అక్క బాక్సింగ్ చేసేది దేశం కోసం కాదు, పోలీసు ఉద్యోగం కోసం, స్పోర్ట్స్ కోటా కోసం. రామేశ్వరి సాధనకు వచ్చేది కూడా కోచ్ డబ్బులిస్తానంటేనే. ఈ సంగతి విశాఖలో ఎట్లా చూశారో గానీ, మా పీఠభూమిలో దీన్ని ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు. సర్కారు కొలువు ఒక్కటి ఇంట్లోకి వస్తే ముగ్గురు వలస పోకుండా ఆగుతారు. జెండా, జాతీయగీతం తర్వాత. ముందు జీతం. ఈ నిజాన్ని ఇంత సూటిగా చెప్పిన తెలుగు ఆటల సినిమా మాకు వేరే తట్టడం లేదు.

ఇంత మంచి ఉన్న బొమ్మకు పేరు మాత్రం కోచ్ పేరు! తమిళంలో 'ఇరుది సుట్రు' అంటే ఆఖరి రౌండు. ఆ పేరు రింగుది, ఆటది, అంటే ఆ పిల్లది కూడా. తెలుగుకు వచ్చేసరికి 'గురు' అయి కూర్చుంది. పెద్ద హీరో ఉన్నాక అట్లాగే ఉంటుందని సరిపెట్టుకోవచ్చు. వెంకటేష్ తన వయసు దాచకుండా, పాటల్లో విదేశాలు తిరక్కుండా ఆ పాత్ర చేశాడు, 'జింగిడి జింగిడి' తనే పాడుకున్నాడు, కాదనం. అయినా దెబ్బలు తినేది ఒకరు, పేరు ఇంకొకరిది. పిల్ల కోచ్‌ను ప్రేమించడం అనే తంతు కూడా ఉంది. ఆడపిల్ల రింగులో గెలవాలంటే మనసులో ఒక మగాడు ఉండాలన్నది మన సినిమా రాజ్యాంగం.

ఇక మా ప్రశ్నకు వస్తాం. సెక్యులర్ మిత్రులు కాస్త ఓపిక పట్టాలి.

2017లో ఈ బొమ్మ ఆడుతున్న నాటికి తెలుగు నేల మీద ఆడపిల్లల బాక్సింగ్ అంటే ఎవరు? కల్పించుకోవలసిన పని లేదు. నిజామాబాద్ పిల్ల నిఖత్ జరీన్. పదిహేనేళ్ళు నిండీ నిండని వయసులో, 2011లో, టర్కీలోని అంతాల్యాలో జూనియర్ ప్రపంచ పోటీల్లో బంగారు పతకం తెచ్చిన పిల్ల. తండ్రి జమీల్ అహ్మద్ తనూ ఆటగాడే, నలుగురు ఆడపిల్లల తండ్రి. ఆమెకు మొదట నేర్పిన ఉస్తాద్ సంసముద్దీన్. ఆయన కొడుకు హుసాముద్దీన్ 2018, 2022 కామన్వెల్త్ క్రీడల్లో కంచు పతకాలు, 2023 ప్రపంచ పోటీల్లో ఇంకో కంచు తెచ్చాడు. ఒక్క నిజామాబాద్‌లో, ఒకే గురువు చేతికింద ఇంత కథ. నిజం గురువు, నిజం శిష్యురాలు, నిజం చెమట. తెలుగు సినిమా కథ కోసం మద్రాసు హార్బరు దాకా వెళ్ళింది, అక్కడినుంచి విశాఖకు తెచ్చుకుంది, నిజామాబాద్ బస్సు మాత్రం ఎక్కలేదు.

సుధ కొంగరను మేము తప్పు పట్టడం లేదు. ఆమె తనకు తెలిసిన బస్తీ నుంచి తనకు తెలిసిన పిల్లను తీసుకుంది. మా గొడవ ఆ తర్వాతి దానితో. 2022 చూడండి. ఆ ఏడు ఏప్రిల్ 8న వరుణ్ తేజ్ బాక్సర్‌గా 'గని' వచ్చింది. (గని అనగానే మా ఇళ్ళలో ఎవరికైనా అబ్దుల్ గనీ గుర్తొస్తాడు. మేమూ ఒక్క క్షణం ఆశపడ్డాం. పోస్టరు చూశాక ఆశ తీరింది.) హీరో ఒలింపిక్ పతకం గెలిచిన టోనీ జెఫ్రీస్ దగ్గర అమెరికాలో శిక్షణ తీసుకున్నాడని ప్రచారం చేశారు. కథ మాత్రం తండ్రి మీద పడిన మచ్చ, తల్లికి ఇచ్చిన మాట, కొడుకు పగ. గ్లవుజులు తీసి చేతిలో కొడవలి పెడితే మా సీమ బొమ్మే. ఆ సినిమా వచ్చి నెలన్నర తిరక్కుండానే, మే 19న, ఇస్తాంబుల్‌లో థాయిలాండ్ బాక్సర్‌ను 5-0తో కొట్టి నిఖత్ ప్రపంచ విజేత అయింది. ఇంకో మూడు నెలలకు, ఆగస్టు 25న, 'లైగర్' వచ్చింది. హీరో కరీంనగర్ వాడట. పాత లెక్కలో నిజామాబాద్‌కు పక్క జిల్లా! ఆ రింగు కథ కోసం మైక్ టైసన్ దాకా వెళ్ళారు. టైసన్ ఇస్లాం తీసుకున్న మనిషే, అది వేరే సంగతి. లాస్ వేగాస్ ముస్లిం బాక్సర్ పనికొస్తాడు, నిజామాబాద్ ముస్లిం బాక్సర్ కళ్ళకు ఆనదు.

మమ్మల్ని తెరమీద చూపడం లేదని కాదు. చూపిస్తారు. బాంబు పెట్టేవాడుగా చూపిస్తారు, హీరో కోసం ఇంటర్వెల్‌కు ముందు చచ్చే స్నేహితుడుగా చూపిస్తారు, దర్గా దగ్గర నెమలీకల కట్టతో దీవించే బాబాగా చూపిస్తారు. ఆ బాబా నోట్లో 'నమ్మల్‌కీ తుమ్మల్‌కీ' అనే వంకర తెలుగు పెడతారు. పెనుకొండలో, కదిరిలో, గూగూడు కుళ్ళాయిస్వామి పీర్ల దగ్గర నిలబడి ఒకసారి చెవి ఒగ్గండి. మా దూదేకుల ముసలమ్మ మాట్లాడే తెలుగు పక్కింటి రెడ్డి మాట్లాడే తెలుగే. ఇంట్లో దక్కనీ, వీధిలో తెలుగు మాట్లాడే మాలాంటి వాళ్ళకు రెండు నాలుకలూ సొంతమే. తెరమీద మాత్రం మాకు ఒక నాలుకే, అదీ మెలికపడినది.

అయితే నిఖత్ మీద బొమ్మ తీస్తే చాలునా? అక్కడే భయం. 2021 జూలై 16న వచ్చిన హిందీ 'తూఫాన్' గుర్తుచేస్తాం. ఫర్హాన్ అఖ్తర్ అజీజ్ అలీగా, డోంగ్రీ వసూళ్ళ రౌడీ బాక్సర్‌గా చేశాడు. బాంబు పేలుడులో భార్యను పోగొట్టుకుని ముస్లింలంటే పడని కోచ్, ఆ కోచ్ కూతురుతోనే అజీజ్ ప్రేమ. నటుడు ఒళ్ళు హూనం చేసుకున్నాడు, శిక్షణ దృశ్యాలు బాగున్నాయి. కానీ కథ నడక చూడండి. కోచ్ మనసు కరగడానికి అజీజ్ ఎంత కోల్పోవాలి! భార్య చనిపోవాలి, పేరు పోవాలి, మళ్ళీ రింగులో నెత్తురు కక్కాలి. అప్పుడు పెద్దమనిషి ఒప్పుకుంటాడు. ద్వేషించిన వాడికి పరీక్ష లేదు, ద్వేషం భరించిన వాడికి మాత్రం పన్నెండు రౌండ్లు. ఇటువంటి సానుభూతి మాకు కొత్త కాదు. క్రికెట్ మ్యాచి రోజున మా వీధులకు వచ్చే చూపు అదే.

దానికి ఆరు రోజుల తర్వాత పా.రంజిత్ 'సార్పట్ట పరంపర' వచ్చింది, తెలుగు డబ్బింగుతో సహా. 1970లలో ఉత్తర మద్రాసు, హార్బరు కూలీలు, రెండు బాక్సింగ్ వంశాల పోటీ, మధ్యలో ఎమర్జెన్సీ. గురువు జైలుకు పోతాడు, కబిలన్ సారాలో మునుగుతాడు. ఆ రింగు చుట్టూ ఒక సమాజం కూర్చుని ఉంటుంది. కబిలన్ ఎవరి దగ్గరా మంచివాడినని సర్టిఫికెట్ అడగడు, తన ఉస్తాద్ మెచ్చితే చాలంటాడు. మాకు కావలసింది ఆ దారి.

మా ఇంటి లోపలి మాట కూడా చెప్పకపోతే అన్యాయం. నిఖత్ నిక్కరు వేసుకుని రింగెక్కుతుందని తొలినాళ్ళలో నొసలు విరిచింది ఎవరు? బంధువులూ ఇరుగుపొరుగూ ఏమన్నారో తండ్రీ కూతుళ్ళే పత్రికలకు చెప్పుకున్నారు. పతకం వచ్చాక అదే నోళ్ళు 'మా కౌమ్ బిడ్డ' అన్నాయి. మా తాలీంఖానాల్లో, మొహర్రంకు కర్రసాము తిప్పే గుంపుల్లో ఆడపిల్ల ఏది? అనంతపురంలో ఆర్.డి.టి. వాళ్ళ మైదానాల్లో పల్లెల ఆడపిల్లలు హాకీ కర్ర పట్టుకున్నారు. ఆ గుంపులో మా బస్తీ పిల్లలు ఎందరున్నారో పెద్దమనుషులు వెళ్ళి లెక్కపెట్టి రావాలి. అటువైపు నుంచి ఇంకో ముల్లు. గెలిచిన పిల్లను అప్పర్‌కట్ గురించి అడగరు, హిజాబ్ గురించి అడుగుతారు. అది ఎవరిష్టం వారిదని ఆమె చెప్పి ఊరుకుంది. రెండు పక్కలా ఆమె ఒంటిమీది బట్ట గురించే చర్చ. చేతిలోని విద్య గురించి ఎవరికీ పట్టదు.

పేరు గురించి కూడా ఒక మాట. 1964లో కాసియస్ క్లే మహమ్మద్ అలీ అయ్యాక అమెరికా పత్రికలు ఏళ్ళ తరబడి అతన్ని క్లే అనే రాశాయి. పత్రికల్లో బతికే వాళ్ళం గనుక ఆ మొండితనం వాసన మాకు తెలుసు. 1967లో వియత్నాం యుద్ధానికి పోనన్నందుకు టైటిలే లాక్కున్నారు. 1977లో 'ద గ్రేటెస్ట్' అనే బొమ్మలో అలీ తన పాత్ర తనే వేసుకున్నాడు. నటన గొప్పగా లేదు. కానీ తన పేరు తన నోటితో తనే చెప్పుకున్నాడు.

నిఖత్ కథ తీసేవాళ్ళు ఇస్తాంబుల్‌తో మొదలుపెట్టి ఇస్తాంబుల్‌తో ముగిస్తారేమోనని మా బెంగ. అసలు నాటకం 2019లో ఉంది. ఒలింపిక్ అర్హత పోటీలకు మేరీ కోమ్‌ను ట్రయల్ లేకుండా పంపబోతున్నారని తెలిసి, నాకూ ఒక అవకాశం ఇవ్వండని కేంద్ర క్రీడామంత్రికి లేఖ రాసింది. ఎవరి మీద? ఆరుసార్లు ప్రపంచ విజేత మీద, తనే ఆరాధించిన మనిషి మీద. డిసెంబరు 28న ఢిల్లీలో ట్రయల్ పెట్టారు. 9-1తో నిఖత్ ఓడిపోయింది. మేరీ కోమ్ చెయ్యి కలపలేదు. ఇద్దరూ దేశం అంచుల నుంచి వచ్చిన ఆడవాళ్ళే. అందులో ఎవరూ విలన్ కాదు, సెలెక్టర్ల గది తప్ప. 'గురు'లో సుధ చూపింది కూడా ఆ గదినే. తర్వాత 2023లో ఢిల్లీలో రెండో ప్రపంచ టైటిల్, 2024 ఆగస్టు 1న పారిస్ ఒలింపిక్స్‌లో చైనా బాక్సర్ వూ యు చేతిలో 0-5 ఓటమి. ఆ ఓటమి కూడా తెరమీద ఉండాలి, దాన్ని మింగేసి జెండాతో ముగించకూడదు. వేషానికి మాత్రం రితిక లాగా ఒళ్ళు ఎరిగిన పిల్లనే వెతకాలి. ఇంట్లో దక్కనీ, బయట తెలుగు మాట్లాడే పిల్లయితే నిర్మాతకు డబ్బింగు ఖర్చు కూడా మిగులుతుంది.