'పని దొరికింది' అనే మాట వెనుక: రెండు వలస నవలలలో తొలి ఉద్యోగం

లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• వలస వెళ్లినవారికి తొలి పని ఏయే మార్గాల్లో లభిస్తుందో రెండు నవలల ఆధారంగా వివరించగలుగుతారు.
• ఆ నవలలు ఈ విషయాన్ని చిత్రించిన తీరులోని బలాన్ని, పరిమితులను అంచనా వేయగలుగుతారు.
• మీకు తెలిసిన వలస కథలను ఇదే దృష్టితో పరిశీలించగలుగుతారు.

1. పరిచయం

పరాయి దేశం వెళ్లినవారి గురించి మనం మాట్లాడుకునేటప్పుడు సాధారణంగా 'అక్కడ వాడికి పని దొరికింది' అంటాం. ఈ వాక్యాన్ని ఒకసారి వ్యాకరణ దృష్టితో చూడండి. 'దొరికింది' అనే క్రియకు కర్త 'పని'. పని ఇచ్చిన మనిషి ఈ వాక్యంలో లేడు. దారి చూపినవాడు లేడు. ఆ పనిలో అంతకుముందు ఉన్న మనిషి ఏమయ్యాడో లేదు. మధ్యలో ఎవరికి ఎంత ముట్టిందో అసలే లేదు. పని అదంతట అదే రోడ్డు మీద పడి ఉన్న నాణెంలా దొరికినట్లుగా వాక్యం తయారవుతుంది.

వలస జీవితాన్ని చిత్రించే మంచి నవల ఈ వాక్యంలో కనిపించని మనుషులను కనిపించేటట్లు చేస్తుంది. అందువల్ల అటువంటి నవలను విమర్శకుడు మూడు ప్రశ్నలు అడగవచ్చు. ఒకటి, దారి చూపినది ఎవరు? రెండు, ఆ పని ఎలా ఖాళీ అయింది? మూడు, అందులో వాటా ఎవరిది? అమెరికన్ రచయిత అప్టన్ సింక్లేర్ రాసిన 'ది జంగిల్', మలయాళ రచయిత బెన్యామిన్ రాసిన 'ఆడుజీవితం' అనే రెండు నవలలను ఈ ప్రశ్నలతో పరిశీలిద్దాం.

2. రెండు నవలల నేపథ్యం

'ది జంగిల్' 1905లో ఒక సోషలిస్టు వారపత్రికలో ధారావాహికగా వెలువడి, 1906లో పుస్తకంగా వచ్చింది. సింక్లేర్ 1904లో చికాగో వెళ్లి, పశువధశాలల ప్రాంతంలో కొన్ని వారాలు గడిపి సమాచారం సేకరించాడు. లిథువేనియా నుంచి వచ్చిన యుర్గిస్ రుడ్కస్, అతడు పెళ్లాడబోయే ఓనా, వారి బంధువులు ఇందులోని ప్రధాన పాత్రలు. పుస్తకం చదివిన అమెరికన్లు కార్మికుల స్థితి కంటే మాంసం పరిశుభ్రత గురించే ఎక్కువ కలవరపడ్డారు. 1906 జూన్‌లోనే మాంసం తనిఖీ చట్టం, ఆహార ఔషధాల చట్టం వచ్చాయి. నవలలోని అసలు విషయమైన వలస కార్మికుడు చాలాకాలం ఆ చర్చల్లో వెనుకబడిపోయాడు.

'ఆడుజీవితం' 2008లో వెలువడింది. మలయాళంలో 'ఆడు' అంటే మేక. కాబట్టి ఈ శీర్షికను 'మేక బతుకు' అని అర్థం చేసుకోవాలి. తెలుగులోని 'ఆడు' అనే క్రియతో దీనికి సంబంధం లేదు. బెన్యామిన్ స్వయంగా బహ్రెయిన్‌లో చాలాకాలం పనిచేసినవాడు. సౌదీ అరేబియా ఎడారిలో మేకల కాపరిగా చిక్కుకుపోయిన ఒక కేరళ యువకుని అనుభవం ఈ నవలకు ఆధారం. దీనికి 2009లో కేరళ సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. 2024లో బ్లెస్సీ దర్శకత్వంలో సినిమాగా కూడా వచ్చింది.

3. గేటు దగ్గర అరగంట

యుర్గిస్ కుటుంబం చికాగోలో దిగేసరికి వారికి ఇంగ్లీషు రాదు. పశువధశాలల ప్రాంతానికి చేరాక యోకుబాస్ షెద్విలాస్ అనే స్వదేశీయుడు కనిపిస్తాడు. అతడు అమెరికాలో బాగా సంపాదించాడనే కబురు విని వీరంతా బయలుదేరారు. తీరా చూస్తే అతడిది అప్పుల్లో ఉన్న చిన్న తినుబండారాల దుకాణం. వలసను కదిలించిన కబురుకు, కబురు వెనుక ఉన్న మనిషికి మధ్య తేడాను రచయిత ఇక్కడే చూపుతాడు. అయితే ఆ దుకాణదారే వారికి బస చూపిస్తాడు. ఒక కంపెనీలో మనుషులను ఎంపిక చేసే కాపలా అధికారి తనకు తెలుసునని, మాట్లాడి చూస్తానని కూడా చెబుతాడు.

యుర్గిస్‌కు ఆ సహాయం అవసరం పడదు. అతడు గేటు దగ్గర నిలబడిన అరగంటలోనే, గుంపులో అందరికంటే ఎత్తుగా కనిపించే అతడి శరీరాన్ని చూసి ఒక మేస్త్రీ పిలుస్తాడు. గంటకు పదిహేడున్నర సెంట్లకు, కోసిన పశువుల పేగులను ఊడ్చివేసే పని. నెలల తరబడి అదే గేటు దగ్గర నిలబడి ఉన్నవారి గురించి యుర్గిస్ అంతకుముందే విన్నాడు. వారు చేతకానివారని నవ్వుకున్నాడు. తనకు పని దొరకడం తన బలం వల్లనే అని అతడి నమ్మకం.

ఈ ఘట్టాన్ని తరువాత వచ్చే ఘట్టంతో కలిపి చదవండి. పనిలో కాలి చీలమండ దెబ్బతిని యుర్గిస్ కొన్ని వారాలు మంచం పడతాడు. లేచి వెళ్లేసరికి అతడి స్థానంలో మరొకరు ఉంటారు. అదే గేటు దగ్గర ఇప్పుడు అతడిని ఎవరూ పిలవరు. మనిషి మారలేదు, గేటు మారలేదు. కంపెనీకి కావలసిన కండ మాత్రం తగ్గింది. చివరకు ఎవరూ చేరడానికి ఇష్టపడని ఎరువుల కర్మాగారంలో చేరవలసి వస్తుంది. మొదటి అరగంటలో ఎంపిక చేసినది యుర్గిస్‌ను కాదని, అతడి ఒంటిని మాత్రమేనని పాఠకునికి అప్పుడు తెలుస్తుంది.

4. ఒకే కుటుంబం, వేర్వేరు దారులు

ఒక్క యుర్గిస్ కథతో ఆగిపోయి ఉంటే 'ది జంగిల్' బలవంతుడి పతనాన్ని చెప్పే నవలగానే మిగిలేది. కుటుంబంలో ఒక్కొక్కరికి పని ఎలా వచ్చిందో సింక్లేర్ విడివిడిగా చెప్పడంలోనే నవల బలమంతా ఉంది.

మరియాకు డబ్బాలకు రంగు వేసే పని వస్తుంది. ఎంతోకాలంగా ఆ పని చేస్తున్న ఒక ఐరిష్ స్త్రీ క్షయతో మందగించినందువల్ల ఆమెను తీసివేసి ఆ చోటు మరియాకు ఇచ్చారు. యోనాస్‌కు సరుకుల బండి నెట్టే పని వస్తుంది. అంతకుముందు ఆ బండి నెట్టినవాడు బండికీ గోడకూ మధ్య నలిగిపోయాడు. ముసలివాడైన అంతానస్‌ను ఎవరూ పనిలోకి తీసుకోరు. చివరకు ఒకడు కలిసి, జీతంలో మూడోవంతు తనకు ఇస్తే పని ఇప్పిస్తానంటాడు. చిన్నవాడైన స్టానిస్లోవాస్‌కు వయసు ఎక్కువగా చూపించే పత్రం సంపాదించి పనిలో పెడతారు.

మనం మొదట అనుకున్న మూడు ప్రశ్నలకూ ఇక్కడ సమాధానాలున్నాయి. దారి చూపినవారు స్వదేశీయులు. ఖాళీ చేసినవారు జబ్బుపడినవారు, చనిపోయినవారు. వాటా తీసుకున్నది మధ్యవర్తి. ఒక ఇంటి సంబరం మరొక ఇంటి నష్టం మీద నిలిచిందనే సంగతి కుటుంబానికి మెల్లగా తెలిసివస్తుంది. ఎవరినీ దుర్మార్గునిగా చిత్రించకుండానే రచయిత ఈ విషయాన్ని చెప్పగలిగాడు. మరియా చేసిన తప్పేమీ లేదు. అయినా ఆమె కూర్చున్న చోటు మరొకరిది.

మీ ప్రగతిని తెలుసుకోండి
1. యుర్గిస్‌కు మొదటిసారి వెంటనే పని లభించడానికి, రెండోసారి లభించకపోవడానికి కారణం ఏమిటి?
2. అంతానస్‌కు పని లభించిన విధానంలో మధ్యవర్తి పాత్రను వివరించండి.

5. పని ముందు, దేశం తరువాత

చికాగోలో వలసదారు ముందు దేశంలో అడుగుపెట్టి, తరువాత పని వెతుక్కుంటాడు. గల్ఫ్‌లో ఈ క్రమం తారుమారవుతుంది. అక్కడ కఫాలా పద్ధతి ఉంది. అంటే కఫీల్ అనే స్థానిక యజమాని పేరు మీద వీసా ఉంటేనే కార్మికుడు దేశంలోకి రాగలడు, ఉండగలడు. ఇక్కడ తొలి ఉద్యోగం విమానం ఎక్కకముందే, కాగితం రూపంలో, ఊరిలోనే అమ్ముడవుతుంది.

నదిలో ఇసుక తీసే నజీబ్‌కు తెలిసినవారి ద్వారా ఒక వీసా అమ్మకానికి ఉందని తెలుస్తుంది. కష్టపడి డబ్బు కూడదీసి కొంటాడు. హకీమ్ అనే కుర్రవాడితో కలిసి రియాద్ విమానాశ్రయంలో దిగి, తీసుకువెళ్లడానికి వచ్చేవారి కోసం గంటల తరబడి ఎదురుచూస్తాడు. చివరకు పాత బండిలో ఒక అరబ్బు వస్తాడు. అతడి భాష వీరికి రాదు. అతడే తమ యజమాని అనుకుని బండెక్కుతారు. ఆ బండి ఎడారిలోని మేకల మంద దగ్గర ఆగుతుంది.

ఈ నవలలో అత్యంత కీలకమైన విషయం జైలు ఘట్టంలో ఉంది. తప్పించుకున్న నజీబ్ స్వదేశానికి వెళ్లిపోవాలని పోలీసులకు లొంగిపోతాడు. పారిపోయిన పనివారిని గుర్తించడానికి యజమానులు జైలుకు వస్తుంటారు. నజీబ్‌ను పట్టి ఉంచిన యజమాని కూడా వస్తాడు, చూస్తాడు, వదిలి వెళ్లిపోతాడు. కారణం దయ కాదు. నజీబ్ అతడి వీసా మీద వచ్చినవాడు కాడు. అంటే ఇంతకాలం నజీబ్ చేసినది తనకు సంబంధించని ఉద్యోగం! కాగితం ఒకరి పేరున, మనిషి మరొకరి చేతిలో. యజమాని పేరు కాగితం మీద ఉండి ఉంటే చట్టమే నజీబ్‌ను మళ్లీ ఆ మంద దగ్గరికి తోలి ఉండేది. అన్యాయం అతడిని ఎడారికి తీసుకువెళ్లింది. ఆ అన్యాయానికి కాగితం లేకపోవడమే అతడిని విడిపించింది. కఫాలా పద్ధతి గురించి ఎన్ని పేజీల వ్యాసం రాసినా ఈ ఒక్క సంఘటన చెప్పినంత స్పష్టంగా చెప్పడం కష్టం.

సౌదీ అరేబియా 2021లో ఉద్యోగం మారడానికి కొన్ని సడలింపులు ఇచ్చింది. ఇళ్లలో పనిచేసేవారు, పొలం పనివారు, పశువుల కాపరులు వాటి పరిధిలోకి రాలేదు. నజీబ్ చేసిన పని సరిగ్గా ఆ మినహాయింపులలోనే ఉందని గమనించండి.

6. మన మాటలలో ఉన్న సాక్ష్యం

ఈ రెండు నవలలూ తెలుగువారి గురించి రాసినవి కావు. అయినా వాటిలోని మధ్యవర్తులు మనకు కొత్త కాదు. వలస పాలన కాలంలో కోస్తా జిల్లాల నుంచి వేలాది కూలీలు ఓడలెక్కి 'రంగం' వెళ్లారు. రంగం అంటే బర్మాలోని రంగూన్. అక్కడ తెలుగువారిని కోరంగి రేవు పేరు మీదుగా 'కోరంగీలు' అని పిలిచేవారు. బియ్యం మిల్లుల్లో, రేవులో పని ఇప్పించినవాడు మేస్త్రీ. ఊరిలో ముందుగా డబ్బు ఇచ్చేదీ అతడే, అక్కడ కూలిలో కోత పెట్టేదీ అతడే. అంతానస్ జీతంలో మూడోవంతు అడిగిన మనిషికి, ఈ మేస్త్రీకి వరసలు కలపవచ్చు.

నేడు కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ ప్రాంతాల్లో 'ఆజాద్ వీసా', 'కంపెనీ వీసా' అనే మాటలు ఇంటింటా వినిపిస్తాయి. ఆజాద్ అంటే స్వేచ్ఛ. కానీ ఆజాద్ వీసా అంటే కఫీల్ పేరుకు మాత్రమే ఉండి, పని మాత్రం మనమే వెతుక్కోవలసిన వీసా. బయట పని చేస్తూ పట్టుబడితే కాగితం కాపాడదు. పేరులోని స్వేచ్ఛ ఎవరిదో ఆలోచించండి. 1983 నాటి వలసల చట్టం ప్రకారం విదేశీ ఉద్యోగాలకు మనుషులను తీసుకునే ఏజెంటు ప్రభుత్వం వద్ద నమోదు కావాలి. ఊరిలో తెలిసినవాడు చేతికి ఇచ్చే వీసా ఈ చట్టం బయట నడుస్తుంది. 'తెలిసినవాడు' అనే నమ్మకమే అక్కడ పెట్టుబడి. నజీబ్ మోసపోయింది అమాయకత్వం వల్ల మాత్రమే కాదు. మనలో చాలామంది వాడే దారినే అతడూ వాడాడు.

7. విలువ నిర్ణయం

'ది జంగిల్' మొదటి భాగం చూపిన నిశితత్వాన్ని చివరి వరకు నిలుపుకోలేదు. నవల చివర సోషలిస్టుగా మారిన యుర్గిస్ ఒక చిన్న హోటల్లోకి వెళ్లి పని అడుగుతాడు. యజమాని అప్పుడే తాగుబోతు అయిన పనివాణ్ణి తీసివేసి ఉంటాడు, పైగా అతడూ సోషలిస్టే. పని వెంటనే దొరుకుతుంది. అదృష్టాన్ని నమ్మవద్దని ఇంతసేపు చెప్పిన నవల తన నాయకుణ్ణి అదృష్టంతోనే గట్టెక్కిస్తుంది. ఆ తాగుబోతు ఏమయ్యాడని రచయిత ఈసారి అడగడు. క్షయరోగి గురించి అడిగిన రచయితేనా ఇతడు అనిపిస్తుంది.

అంతకంటే పెద్ద లోపం మరొకటి ఉంది. సమ్మె ఘట్టాలలో, దానిని విచ్ఛిన్నం చేయడానికి కంపెనీలు రప్పించిన దక్షిణాది నల్లజాతి కార్మికులను సింక్లేర్ ఏవగింపుతో చిత్రించాడు. వారు కూడా కొత్త ఊరిలో తొలి పని కోసం వచ్చినవారే. వారిని ఎవరు తెచ్చారు, ఏమని చెప్పి తెచ్చారు అనే ప్రశ్న లిథువేనియన్ల విషయంలో అడిగినంత శ్రద్ధగా వారి విషయంలో అడగలేదు. సానుభూతికి జాతి హద్దు గీసిన చోట నవల తన పద్ధతిని తానే వదిలిపెట్టింది.

'ఆడుజీవితం' పరిమితి వేరు. కథంతా నజీబ్ నోట నడుస్తుంది. అతడు తనకు జరిగినదాన్ని దైవ సంకల్పంగా అర్థం చేసుకుంటాడు. అందువల్ల వీసా అమ్మినవారు, దానిపై లాభపడినవారు మొదటి పేజీల తరువాత దాదాపు మాయమవుతారు. వ్యవస్థ కనిపించడం లేదని కొందరు ఆక్షేపించవచ్చు. ఆ ఆక్షేపణలో నిజం ఉంది. అయితే మంద దగ్గర ఉన్న మనిషికి వ్యవస్థ కనిపించదు, యజమాని తుపాకీ మాత్రమే కనిపిస్తుంది. ఆ చూపునకు కట్టుబడి ఉండి కూడా, జైలులోని ఒక్క మాటతో బెన్యామిన్ కాగితం గుట్టు బయటపెట్టాడు. సింక్లేర్ ఎక్కువ విషయాలు చూపాడు. బెన్యామిన్ తక్కువ చూపి, చూపినదాన్ని చెడగొట్టుకోలేదు. తొలి పని అనే విషయంలో మొదటి నవల విస్తృతమైనది, రెండోది నిలకడైనది అని చెప్పవచ్చు.

8. సారాంశం

వలసదారు తొలి పని అతడి ప్రతిభకో అదృష్టానికో ఫలితంగా పైకి కనిపిస్తుంది. నిజానికి అతడు వచ్చిన దారే చాలావరకు ఆ పనిని నిర్ణయిస్తుంది. చికాగోలో ఆ దారి గేటు గుండా, గల్ఫ్‌లో వీసా కాగితం గుండా, రంగంలో మేస్త్రీ గుండా సాగింది. దారి చూపినవారిని, ఖాళీ చేసినవారిని, వాటా తీసుకున్నవారిని చూపగలిగినంతవరకు నవల సత్యానికి దగ్గరగా ఉంటుంది. ఇకమీదట 'పని దొరికింది' అనే మాట నవలలో చదివినా, మీ ఇంటి ఫోనులో విన్నా, ఈ ముగ్గురి గురించి అడగండి.

9. మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. 'ది జంగిల్' నవలలో ఒకే కుటుంబ సభ్యులకు వేర్వేరు మార్గాల్లో పని లభించడాన్ని విశ్లేషించండి.
2. రెండు నవలల బలాలను, పరిమితులను తులనాత్మకంగా పరిశీలించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. నజీబ్‌ను యజమాని జైలులో వదిలివెళ్లడానికి గల కారణాన్ని వివరించండి.
2. మీ ఊరి నుంచి విదేశం వెళ్లిన ఒకరికి తొలి పని ఎలా లభించిందో తెలుసుకుని, ఈ పాఠంలోని మూడు ప్రశ్నల ఆధారంగా రాయండి. వారి పేరు, చిరునామా రాయవద్దు.