ఆగాలా, పోనివ్వాలా

అశోకా రోడ్డు గోల్ డాక్‌ఖానా దగ్గర మొదలై ఇండియా గేట్ వైపు సాగుతుంది. ఢిల్లీ తెలుగువాళ్లకు ఈ రోడ్డంటే 1వ నంబరే. అంటే ఆంధ్రా భవన్, ఇంకా చెప్పాలంటే అందులోని క్యాంటీన్. నాకు మాత్రం ఇదే దారిలో ఉన్న మరో రెండు భవనాలతోనూ పని పడుతుంటుంది. ఒకటి 20వ నంబరు సంచార్ భవన్, టెలికాం శాఖ ఉండే చోటు. రెండోది ఎన్నికల సంఘం ఉండే నిర్వాచన్ సదన్. ఏ రోజూ గేటు దాటి లోపలికి వెళ్లినవాణ్ణి కాదు. అయినా నా ఉద్యోగంలో తల బద్దలు కొట్టుకునే ప్రశ్నలకు వీళ్లు తమ పద్ధతిలో జవాబులు రాసిపెట్టుకున్నారు.

ఆ ఉద్యోగమేమిటో ఒకరికి చెప్పాల్సి వచ్చింది. క్యాంటీన్‌లో ఎదురుగా కూర్చున్న పెద్దాయన, సెక్రటేరియట్‌లో చేసి రిటైరయ్యారట, పప్పులో నెయ్యి కలుపుకుంటూ అడిగారు.

"ఏం చేస్తుంటావు బాబూ?"

"సాఫ్ట్‌వేరండీ."

"అది అందరూ చెప్పేదే. అందులో ఏం చేస్తావు?"

"ప్రోగ్రాములు నడిచేటప్పుడు తాము చేసిన ప్రతి పనికీ ఒక లైను రాసుకుంటూ పోతాయండీ. లాగ్ అంటారు. ఆ లైన్లను కట్టలు కట్టి క్లౌడ్‌కి పంపే ముక్క ఒకటుంటుంది. దాని మంచిచెడ్డలు చూస్తాను."

"అయితే డిస్పాచ్ సెక్షన్ అన్నమాట. మరి డిస్పాచ్‌లో స్టాంపులు అయిపోతే పైన ఆఫీసర్లు సంతకాలు ఆపేసి కూర్చుంటారా, లేక కాగితాలు చెత్తబుట్టలోకి పోతాయా?"

నేను చూసే ఆ ముక్కని లాగింగ్ డ్రైవర్ అంటారు. దాని గురించి అడగాల్సిన ప్రశ్న అదొక్కటే. ఇంటర్వ్యూ బోర్డులు కూడా ఇంత సూటిగా అడగవు.

ప్రోగ్రాములను కంటెయినర్లనే డబ్బాల్లో పెట్టి నడిపే డాకర్‌లో లాగింగ్ డ్రైవర్లు 2015 ఏప్రిల్‌లో, 1.6 వెర్షన్‌తో వచ్చాయి. అదే ఏడాది చివర్లో, లాగ్‌లు దాచే అమెజాన్ సేవ క్లౌడ్‌వాచ్‌కి పంపే డ్రైవర్ కలిసింది. వీటి అవసరం ఎందుకొచ్చిందంటే కంటెయినర్ ఆయుష్షు గట్టిది కాదు. పొద్దున పుట్టి మధ్యాహ్నానికి పోవచ్చు, తీసేస్తే దానితోపాటు దాని లాగ్ కూడా పోతుంది. రాత్రి రెండింటికి కూలిన సర్వీసు ఎందుకు కూలిందో తెల్లారాక చూద్దామంటే అక్కడ కంటెయినరే ఉండదు. పోనీ అదే మెషీన్‌లో దాచుకుందామా అంటే, మామూలుగా వచ్చే జేసన్-ఫైల్ డ్రైవర్‌కి హద్దనేది చెప్పకపోతే డిస్కు నిండేదాకా రాస్తూనే ఉంటుంది. ఇన్నేళ్లయినా ఈ ఒక్క సెట్టింగు పెట్టుకోక సర్వర్లు పడిపోతూనే ఉన్నాయి. డాకర్ వాళ్లు దీన్ని ఎందుకలా వదిలేశారో అర్థం చేసుకోగలను, పాతవాళ్ల అలవాటు చెడగొట్టకూడదని. క్షమించడం మాత్రం నా వల్ల కాదు.

పెద్దాయన ప్రశ్నకు వద్దాం. ప్రోగ్రాము ఒక లైను ప్రింట్ చేస్తుంది. అది ఒక పైపులో పడుతుంది. లైనక్స్‌లో ఆ పైపుకి మామూలుగా 64 కిలోబైట్ల చోటుంటుంది. అవతలి కొసన డాకర్ కూర్చుని చదివి డ్రైవర్ చేతికిస్తుంది, డ్రైవర్ కట్టగట్టి క్లౌడ్‌కి పంపుతుంది. ఇప్పుడు క్లౌడ్‌కి వెళ్లే దారి మూసుకుపోయిందనుకోండి. డ్రైవర్ చేతిలో కట్ట అలాగే ఉంటుంది. డాకర్ చదవడం మానేస్తుంది. పైపు నిండుతుంది. తర్వాతి లైను ప్రింట్ చేయబోయిన ప్రోగ్రాము అక్కడే నిలబడిపోతుంది. డేటాబేస్ బాగానే ఉంటుంది, సీపీయూ ఖాళీగా ఉంటుంది, మెమరీ పుష్కలంగా ఉంటుంది, సర్వీసు మాత్రం ఉలకదు పలకదు. చివరికి హెల్త్ చెక్ తప్పిందని దాన్ని చంపి కొత్తది లేపుతారు. అదీ కాసేపటికి అలాగే నిలబడుతుంది. కారణం వెతుకుదామని లాగ్ తెరిస్తే, లాగ్ రాయలేకపోయాననే సంగతి ఏ లాగ్‌లోనూ ఉండదు కదా. దీన్ని బ్లాకింగ్ మోడ్ అంటారు. ఏమీ చెప్పకపోతే డాకర్ ఎంచుకునేది ఇదే.

రెండో దారి నాన్-బ్లాకింగ్. మధ్యలో ఒక బఫర్ పెడతారు. ప్రోగ్రాము అందులో పడేసి తన దారిన పోతుంది. అది మామూలుగా 1 మెగాబైటు. లైనుకి 200 బైట్లనుకుంటే దాదాపు 5,200 లైన్లు. సెకనుకి 1,000 లైన్లు రాసే సర్వీసుకి క్లౌడ్ దారి మూసుకుపోతే ఐదు సెకన్ల గడువు. ఆ తర్వాత వచ్చినవి వచ్చినట్టు పోతాయి. బఫర్‌లో పాతవి భద్రంగా ఉంటాయి, కొత్తగా వచ్చేవాటికే చోటుండదు. అంటే ప్రమాదానికి ముందు అంతా సవ్యంగా ఉందని చెప్పే లైన్లు దక్కుతాయి, ప్రమాదం జరుగుతున్నప్పుడు పుట్టిన లైన్లు దక్కవు.

ఏది మేలు? నిర్వాచన్ సదన్ వాళ్లది ఈ విషయంలో ఖరాఖండి పద్ధతి. పోలింగ్ బూత్‌లో ఓటరు వివరం 17ఏ రిజిస్టరులో ఎక్కి, సంతకమో వేలిముద్రో పడ్డాకే ఓటు. సంతకం చేయనంటే ఓటు లేదు. వీవీప్యాట్‌లో స్లిప్పు ఏడు సెకన్లు కనపడి, తెగి, పెట్టెలో పడాలి. ప్రింటర్ మొరాయించి స్లిప్పు పడకపోతే ఆ ఓటు కంట్రోల్ యూనిట్‌లో నమోదు కాదు, ప్రింటర్ మార్చి ఆ ఓటరుకి మళ్లీ అవకాశమిస్తారు. అందాకా క్యూ ఎండలో నిలబడాల్సిందే. మన హైదరాబాద్ ఈసీఐఎల్, బెంగళూరు బెల్ తయారుచేసే ఈ యంత్రాలకు బ్లాకింగ్ మోడ్ తప్ప ఇంకోటి తెలియదు. తెలియకూడదు కూడా. రికార్డు లేని ఓటుకి విలువేమిటి?

అలాగని సినిమా టికెట్లమ్మే సర్వీసు, లాగ్ పంపలేకపోయానని జనాన్ని క్యూలో నిలబెడితే నవ్విపోతారు. అమెజాన్ వాళ్లు కంటెయినర్లు నడిపే తమ ఈసీఎస్ సేవలో ఏళ్ల తరబడి బ్లాకింగ్‌నే ఉంచి, 2025 జూన్ 25న నాన్-బ్లాకింగ్‌కి మార్చేశారు. పని ఆగడం కన్నా లాగ్ పోవడమే నయమన్నది వాళ్ల లెక్క. ఎక్కువమందికి అది సరైన లెక్కే. డబ్బు చేతులు మారే సర్వీసు నడిపేవాళ్లు మాత్రం ఆ ప్రకటన చదవకుండా పోతే, తమ రికార్డు ఏ ఒప్పందం మీద నడుస్తోందో తమకే తెలియకుండా మారిపోయినట్టు.

ఈ పెద్ద తర్జనభర్జన ఏడాదికోసారి వస్తుంది. మిగతా రోజులన్నీ గడిచేది చిల్లర తగాదాలతోనే. క్లౌడ్‌వాచ్ ఒక కట్టలో 10,000 లైన్లకు మించి తీసుకోదు. కట్ట బరువు 1,048,576 బైట్లు దాటకూడదు, పైగా ఒక్కో లైనుకి 26 బైట్లు అదనంగా లెక్కేసుకోవాలి. 14 రోజుల కన్నా పాత లైను ఒప్పుకోదు. రెండు గంటలకు మించి భవిష్యత్తులో ఉన్నదీ ఒప్పుకోదు. ఒప్పుకోనని గట్టిగా చెప్పదు కూడా. జవాబు అంతా బాగుందనే వస్తుంది, తిప్పికొట్టిన లైన్ల సంగతి ఆ జవాబు లోపల ఒక మూల నక్కి ఉంటుంది. 2023 దాకా ఒక్కో కట్ట వెంట ముందటి కట్ట ఇచ్చిన టోకెన్ పెట్టి పంపాల్సి వచ్చేది. ఆ టోకెన్ తప్పితే మళ్లీ మొదటికి. ఆ తంటా తీసేశామని అమెజాన్ చెప్పిన రోజు మా టీమ్‌లో స్వీట్లు పంచారు. ఒక్కోసారి చిరునామాయే మాయమవుతుంది. లాగ్‌ఎంట్రీస్ అనే సేవ 2022 నవంబరులో మూతపడింది. దానికి పంపే డ్రైవర్ డాకర్‌లో మరికొంత కాలం ఉండి, 25.0 వెర్షన్‌లో తొలగిపోయింది.

అన్నిటికన్నా నాకు దగ్గరి తగాదా ఒకటుంది. అది మన లిపితో. లైను మరీ పొడుగైతే డాకర్ దాన్ని 16 కిలోబైట్ల దగ్గర, అంటే 16,384 బైట్ల దగ్గర కోస్తుంది. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు, ఎక్కడ కోసినా నష్టం లేదు. తెలుగులో క కి మూడు బైట్లు, కొమ్ముకి మూడు, పొల్లుకి మూడు. "స్త్రీ" అని రాస్తే 18. ఇప్పుడు 16,384ని మూడుతో భాగించండి. 5,461 పోగా ఒకటి మిగులుతుంది. నిలువునా తెలుగే ఉన్న లైనైతే 5,462వ గుర్తు తాలూకు ఒక బైటు ఈ ముక్కలో, రెండు బైట్లు ఆ ముక్కలో పడతాయి. రెండూ దేనికీ పనికిరావు. క్లౌడ్‌వాచ్ అలాంటి విరిగిన బైటు చూడగానే దాని స్థానంలో నల్ల డైమండ్‌లో ప్రశ్నార్థకం పెడుతుంది. ఆ గుర్తుకి మళ్లీ మూడు బైట్లు. ఒక బైటు మూడవుతుంది. అంచుదాకా నింపిన కట్ట అవతలికి చేరేసరికి పరిమితి దాటి, మొత్తం కట్టే వెనక్కి వస్తుంది. అమెజాన్ డ్రైవర్‌లో ఈ ఉబ్బును లెక్కలోకి తీసుకునే సవరణ 2018లో వచ్చింది. దాని కోడ్ ఇప్పటికీ అప్పుడప్పుడూ తెరిచి చదువుతాను, అంత ముచ్చటగా ఉంటుంది. తెలుగు ఎస్సెమ్మెస్‌లు పంపే సర్వీసు ఒకటి మా దగ్గరుంది కాబట్టి మాకు దీని అవసరం తెలిసింది. ఇంగ్లీషులోనే టెస్టులు రాసుకునేవాళ్లకు ఈ కోత ఎప్పటికీ కనపడదు. అందుకే కొత్తగా చేరిన పిల్లలకు చెబుతుంటాను, టెస్టు డేటాలో ఒక పేజీ తెలుగు పెట్టండమ్మా అని.

పంపడం అయ్యాక ఎన్నాళ్లు దాచాలన్నది ఇంకో పేచీ. క్లౌడ్‌వాచ్‌కి గడువు చెప్పకపోతే ఎప్పటికీ దాచుతుంది, బిల్లూ ఎప్పటికీ వస్తుంది. మన దేశంలో సైబర్ భద్రత చూసే సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం 180 రోజుల లాగ్ ఎప్పుడూ చేతిలో ఉండాలి. గడియారాలు ఎన్‌ఐసీ, ఎన్‌పీఎల్ సమయంతో కలిసి నడవాలి. సంచార్ భవన్ 2021 డిసెంబరులో టెలికాం కంపెనీల లైసెన్సు షరతులు మార్చి, కాల్ రికార్డుల వివరాలు ఉంచాల్సిన కాలాన్ని ఏడాది నుంచి రెండేళ్లకు పెంచింది. వ్యక్తిగత డేటా రక్షణ నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి, అవి కనీసం ఏడాది అంటున్నాయి. నిర్వాచన్ సదన్‌ది మళ్లీ వేరే లెక్క. పోలింగ్ సీసీ కెమెరా దృశ్యాలను, కేసు పడకపోతే, ఫలితం వచ్చిన 45 రోజుల తర్వాత తీసేయొచ్చని 2025 మేలో అధికారులకు రాసింది. ఎన్నికల పిటిషన్ వేయడానికి చట్టం ఇచ్చే గడువు అదే. దాని మీద పెద్ద దుమారం రేగింది. రాజకీయం పక్కన పెడితే, ఎవరైనా వచ్చి అడిగే వీలున్నంత కాలమే దాచడమన్న సూత్రం మా పనిలోనూ ఉన్నదే. చిక్కంతా ఎవరు ఎప్పుడు అడుగుతారో ముందే తెలుసనుకోవడంలో ఉంది.

మా లాగ్‌లు ఇప్పుడు హైదరాబాద్‌లో నిల్వ ఉంటున్నాయి. అమెజాన్ అక్కడ 2022 నవంబరులో రీజియన్ తెరిచింది. నోయిడాలో మా సర్వర్లలో పుట్టిన లైను క్షణంలో మా ఊరు చేరుతోంది, నేను సంక్రాంతికి టికెట్ దొరక్క ఇక్కడే ఉంటున్నాను.

డ్రైవరే లైన్ల లోపలికి తొంగిచూసి, ఫోన్ నంబర్లు, ఓటీపీలు కనపడితే చెరిపేయాలని మధ్య మధ్యలో ఒత్తిడి వస్తుంటుంది. నేను ఒప్పుకోను. డిస్పాచ్ గుమాస్తా కవర్లు చింపి చదవకూడదు. ఓటీపీని లాగ్‌లో రాసినవాణ్ణి పట్టుకుని రాయకుండా ఆపాలి.

ఆగాలా పోనివ్వాలా అన్నదానికి మేం చేసుకున్న ఏర్పాటిది. చెల్లింపుల సర్వీసు ఒక్కటే బ్లాకింగ్. మిగతావన్నీ నాన్-బ్లాకింగ్, 25 మెగాబైట్ల బఫర్. దీనికి పైన ఒక చిన్న ముక్క నేను పట్టుబట్టి చేర్పించాను. బఫర్ నిండి లైన్లు పోతే, దారి తెరుచుకున్నాక డ్రైవర్ తనంతట తనే ఒక లైను రాసి పంపుతుంది, ఫలానా సమయం నుంచి ఫలానా సమయం దాకా ఇన్ని లైన్లు పోయాయని. పోలింగ్ బూత్‌లో ప్రిసైడింగ్ అధికారి డైరీ కూడా ఇలాంటిదే. పోలింగ్‌కి ఆటంకం కలిగితే ఆ సంగతి అందులో ఎక్కాలి. నష్టపోవడానికి ఒప్పుకోవచ్చు, ఎంత నష్టపోయామో రాయకుండా దాటేయడానికి మాత్రం ఒప్పుకోకూడదని నా పట్టు.

ఈ ముక్క మీదే ప్రస్తుతం గొడవ నడుస్తోంది. ఒక క్లయింట్ ఆడిటర్ ఆ లైన్లు చూసి, పోయిన లైన్లలో ఏముందో వివరణ ఇవ్వమన్నాడు. ఏముందో తెలిస్తే అవి పోయినట్టెలా అవుతుంది? ఆ లైను లేకపోతే అడిగేవాడే కాదుగా, తీసేయరాదూ అని అమ్మకాల విభాగం వాళ్లు వెంటపడుతున్నారు. బఫర్ 50 మెగాబైట్లు చేస్తానన్నాను. ఆ లైను మాత్రం తీయనన్నాను. సోమవారం మీటింగుంది.