చెప్పులు విడుచుట, చెప్పులు తొడుగుట: ముత్తుకూరు ప్రాంతము నుండి ఒక వ్యాఖ్యాన విమర్శ

ఉపోద్ఘాతము

మందిరములోనికి చెప్పులతో రావడము అపరాధమనే బోధ మన తెలుగు సంఘములలో ఎంతో కాలముగా వినబడుతున్నది. దీనికి ఆధారముగా నిర్గమకాండము 3:5ను చూపుతారు. చెప్పు లోకపు మురికికి గుర్తు, వట్టి పాదము తగ్గింపుకు గుర్తు అని ప్రసంగీకులు వివరిస్తారు. ఈ వ్యాఖ్యానము భక్తిలో నుండి పుట్టినదే. అయినను ఇది వాక్యభాగమునకు న్యాయము చేస్తున్నదా, వినేవారి పాదములకు న్యాయము చేస్తున్నదా అనే రెండు ప్రశ్నలను ఈ వ్యాసములో పరిశీలించదలచాము.

ఈ ప్రశ్నలు మాకు పుస్తకములలో నుండి రాలేదు. నెల్లూరు జిల్లా ముత్తుకూరు ప్రాంతములోని ఒక సంఘమునకు శుభ శుక్రవారపు ఆరాధనకు వెళ్లాము. మధ్యాహ్నము పన్నెండు నుండి మూడు వరకు సిలువ మీది ఏడు మాటల ధ్యానము. అందరూ గేటు దగ్గరనే చెప్పులు విడిచి, ఎండకు కాగిన సిమెంటు ఆవరణ దాటి లోపలికి రావాలి. చాలా ఏండ్లుగా చక్కెర వ్యాధితో ఉన్న ఒక పెద్దమ్మ కూడా అలాగే నడిచి వచ్చినది. ఆమెకు వేడి తెలియలేదు. పాదములకు స్పర్శ ఎప్పుడో పోయినది. ఇంటికి వెళ్లిన తరువాత అరికాళ్ల బొబ్బలను మనుమరాలు చూసినది. పుండు మానలేదు. కొన్ని వారములకు రెండు వేళ్లు తీసివేయవలసి వచ్చినది. మేము చూడబోయినప్పుడు, "దేవుడింటికి చెప్పులేసుకొని ఎట్టా వచ్చేది అయ్యగారూ" అని ఆమె మమ్మునే అడిగినది. ఆ దినమున వేదిక మీద మేము బూట్లతో నిలిచి ఉన్నాము.

1. అనుదిన జీవితములో పాదము

ముత్తుకూరు చుట్టుప్రక్కల పనిచేసుకొనేవారి పాదములను గమనిస్తే చెప్పు విషయములో ఒకే నియమము అందరికీ కుదరదని తెలుస్తుంది. వరినాటు వేసే స్త్రీలు వట్టి కాళ్లతో మడిలో దిగుతారు. బురదలో చెప్పు నిలువదు. పడవ మీద మత్స్యకారులకు తడిచెక్క మీద వట్టి పాదమే పట్టునిస్తుంది. కండలేరు ఉప్పుటేటిలో చేతులతో పీతలు పట్టే యానాదులు కూడా వట్టి కాళ్లతోనే దిగుతారు. ఆల్చిప్పల అంచులు వారి అరికాళ్లను కోస్తాయి. అదే మండలములో, 2008లో వాణిజ్య కార్యకలాపములు ప్రారంభించిన కృష్ణపట్నం ఓడరేవులోను, నేలటూరు థర్మల్ విద్యుత్ కేంద్రములోను పనివారికి గట్టి బూట్లు భద్రతా నియమము. ఆ విద్యుత్ కేంద్రము ఆంధ్రప్రదేశ్‌కు మొట్టమొదటి దళిత ముఖ్యమంత్రి అయిన దామోదరం సంజీవయ్యగారి పేరు మీద ఉన్నది. ఒకే ఇంటిలో తల్లి వట్టి కాళ్లతో మడికి, కుమారుడు బూట్లతో రేవుకు వెళ్లడము ఇక్కడ అరుదు కాదు.

పేదవాని వట్టి పాదమును సహజ జీవనమని పొగడడము సులభము. కాని మలముతో కలుషితమైన మట్టిలోని కొంకిపురుగు పిల్లలు వట్టి పాదపు చర్మమును తొలుచుకొని లోపలికి ప్రవేశిస్తాయి, రక్తహీనత కలుగజేస్తాయి. దీనిని ఆపడానికి మరుగుదొడ్డి, చెప్పు రెండూ కావాలి. 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చిన డాక్టరు పాల్ బ్రాండ్, ఆయన సహచరులు మరియొక సంగతిని వెల్లడిచేశారు. కుష్ఠురోగుల పాదములలో పుండ్లు పడడానికి ముఖ్య కారణము స్పర్శ లేని పాదమునకు పదే పదే తగిలే ఒత్తిడి, గాయములేనని వారు చూపారు. మైక్రోసెల్యులర్ రబ్బరుతో చేసిన మెత్తని చెప్పు అప్పటి నుండి చికిత్సలో భాగమైనది. నేడు స్పర్శ కోల్పోయిన చక్కెర రోగులకు కూడా వైద్యులు ఆ చెప్పులనే వ్రాసి ఇస్తున్నారు. వారు ఇంటిలో సహితము వట్టి కాళ్లతో నడువకూడదు. ఈ స్థితిలో ఉన్న విశ్వాసికి చెప్పు అలంకారము కాదు, మందు.

2. వాక్యభాగముల పరిశీలన

మోషేకు చెప్పులు విడువుమని ఆజ్ఞ కలిగిన స్థలము గుడి కాదు. అది మందను మేపుకొనే బీడు. విడిచినవాడు తన స్వంత చెప్పులు గల కాపరి. యెహోషువ 5:15లోను సేనాధిపతిగా ఉన్నవానికే ఈ ఆజ్ఞ కలిగినది. ఈ రెండు చోట్ల హెబ్రీ మూలములో 'నాషల్' అనే క్రియ వాడబడినది. అవమానపరచుటకై ఒకని చెప్పును ఊడదీసే ద్వితీయోపదేశకాండము 25:9లో 'ఖాలత్స్' అనే వేరొక క్రియ ఉన్నది. యెషయా 20:2లోను అదే క్రియ కనబడుతుంది. అక్కడ ప్రవక్త వట్టి కాళ్లతో నడవడము అష్షూరు రాజు చెరపట్టుకొని పోబోయేవారికి సూచన. క్రియల భేదము మీదనే సిద్ధాంతము కట్టకూడదని మేము ఎరుగుదుము. అయితే సందర్భములు స్పష్టముగా ఉన్నవి. దావీదు వట్టి కాళ్లతో ఒలీవల కొండ ఎక్కినది దుఃఖముతో (2 సమూయేలు 15:30). లేఖనములలో వట్టి పాదము భయభక్తులకు గుర్తు, దుఃఖమునకు గుర్తు, చెరకు కూడా గుర్తు. మన ప్రసంగములు మొదటిదానిని మాత్రమే పట్టుకొని మిగిలినవాటిని విడిచిపెట్టాయి.

అంతకంటె ముఖ్యముగా, అదే నిర్గమకాండములో 12:11 ఉన్నది. ఐగుప్తు దాస్యము నుండి బయలుదేరుతున్న జనులు పస్కాను కాళ్లకు చెప్పులు తొడుగుకొని తినవలెనని అక్కడ ఆజ్ఞ. విడుదల పొందుతున్న దాసులు ఆచరించిన ఆ పవిత్ర భోజనము చెప్పులతోనే జరిగినది. 3వ అధ్యాయమును చదివి 12వ అధ్యాయమును చదువని వ్యాఖ్యానము సగము వ్యాఖ్యానమే.

ఈ రెండవ ధార ముందుకు సాగుతుంది. సమరయకు చెరగా తేబడిన యూదావారికి బట్టలు, చెప్పులు ఇచ్చి, బలహీనులను గాడిదల మీద ఎక్కించి పంపిన వృత్తాంతము 2 దినవృత్తాంతములు 28:15లో ఉన్నది. ఒక జత చెప్పుల కొరకు బీదను అమ్మివేసినవారిని ఆమోసు 2:6 గద్దిస్తుంది. లూకా 15:22లో తండ్రి తిరిగి వచ్చిన కుమారుని చెప్పులు విడిచి రమ్మనలేదు, తొడిగించమన్నాడు. ఆ కాలములో దాసులు సామాన్యముగా వట్టి కాళ్లతో ఉండేవారు గనుక చెప్పులు కుమారత్వమునకు గుర్తని వ్యాఖ్యాతలు చెబుతారు. మన తెలుగు అనువాదములో మోషే విడిచినవీ, కుమారునికి తొడిగినవీ ఒకే మాటతో ఉన్నవి: చెప్పులు. శిష్యులను పంపిన సందర్భములో మత్తయి 10:10 చెప్పులు వద్దనగా మార్కు 6:9 వాటిని అనుమతిస్తుంది. దీనిని బట్టి కూడా ఇది సర్వకాలమునకు విధించిన నియమము కాదని గ్రహించవచ్చును.

3. విడిచిన చెప్పు, విడిపించిన చెప్పు

మన దేశములో ఈ భేదము మరింత లోతైనది. రాముని పాదుకలు సింహాసనము ఎక్కిన కథను మన ప్రజలు తరతరాలుగా భక్తితో విన్నారు. చెప్పు కుట్టిన చేతిని మాత్రము ఊరి వెలుపల ఉంచారు. అగ్రవర్ణముల వీధిలో దళితులు చెప్పులు తీసి చేతపట్టుకొని నడవవలసిన ఆచారము అనేక గ్రామములలో ఉండేది. చెప్పులు కుట్టి బ్రతికేవాని సేవకు దేశము ఋణపడి ఉన్నదని గుర్రం జాషువా 1941లో వెలువడిన 'గబ్బిలము'లో చెప్పవలసి వచ్చినది. షెడ్యూల్డు కులములు, తెగలపై అత్యాచారముల నిరోధక చట్టమునకు 2015లో చేసిన సవరణ, బహిరంగ స్థలములో చెప్పులు తొడుగుకోనీయకుండా అడ్డగించడమును పేరు పెట్టి నేరముగా చేర్చినది. అది 2016 జనవరి 26 నుండి అమలులోనికి వచ్చినది. ఇరువది ఒకటవ శతాబ్దములో ఆ మాట చట్టములో వ్రాయవలసిన అవసరము కలిగిందంటే ఆ అవమానము ఎంత లోతుగా పాతుకొన్నదో ఊహించవచ్చును. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము క్రైస్తవమతము స్వీకరించిన దళితుడు షెడ్యూల్డు కులస్థునిగా పరిగణింపబడడు. అటువంటివానికి సంఘమైనా తండ్రి ఇల్లుగా ఉండవద్దా?

ఇది మన స్వంత చరిత్ర కూడా. 1840లో నెల్లూరులో ఆరంభమైన అమెరికన్ బాప్టిస్టు తెలుగు మిషను, తరువాత ఒంగోలు ప్రాంతమునకు విస్తరించినప్పుడు మాదిగల మధ్య వేళ్లూనినది. ఆ ప్రజలను గూర్చి ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో ప్రచురించిన పుస్తకమునకు 'వైల్ సోయింగ్ శాండల్స్', అనగా 'చెప్పులు కుట్టుచుండగా' అని పేరు. చెప్పులు కుట్టినవారు పునాదిగా ఉన్న సంఘములో, వారి చేతిపనిని వేదిక మీద నుండి మురికికి గుర్తుగా చెప్పడము ఎంతవరకు తగును?

4. ఒక ఆక్షేపణ

చెప్పులు గుమ్మము బయట విడవడము మన దేశపు మర్యాద గదా, దానిని ఎందుకు విమర్శించాలి అని కొందరు అడుగవచ్చును. ఆ మర్యాద మంచిదే. ఇంటిలోను, గుడిలోను, మసీదులోను మనము దానిని పాటిస్తాము. ఇథియోపియా క్రైస్తవులును పాటిస్తారు. నేల మీద చాపలు పరచి కూర్చునే మందిరములో అది శుభ్రత కూడా. గుమ్మము ముందు ధనవంతుని చెప్పులు, కూలివాని చెప్పులు ఒకే కుప్పలో పడి ఉండడములో ఒక సమానత్వమున్నది. ఆ ఆచారమును తీసివేయవలెనని మేము చెప్పడము లేదు. విడిచే స్వేచ్ఛ ఉన్నవాడు ప్రేమతో విడిచినప్పుడే అది ఆరాధన అవుతుంది. అందరినీ విడిపించి బోధకుడు మాత్రము తొడుగుకొంటే అది ఊరి వీధిలోని పాత ఆచారమే, మందిరములోనికి వచ్చినది.

ముగింపు

కాబట్టి సంఘ పెద్దలకు మా మనవి స్వల్పమైనది. చెప్పులు విడిచే చోటును నీడలో, ద్వారమునకు దగ్గరగా ఉంచండి. ఆచారము ఉన్నచోట వేదిక మీదివారు మొదట పాటించండి. రోగులను, వృద్ధులను ఎవరూ ప్రశ్నించకుండా చెప్పులతోనే లోపలికి రానివ్వండి. నిర్గమకాండము 3వ అధ్యాయమును బోధించిన సంవత్సరములోనే 12వ అధ్యాయమును కూడా బోధించండి.

ఆ పెద్దమ్మకు ఇప్పుడు వైద్యులు మెత్తని చెప్పులు ఇచ్చారు. వాటిని తీయకూడదన్నారు గనుక ఆమె ఆదివారము ఇంటిలోనే కూర్చుని పాటల పుస్తకము తెరుచుకొంటున్నది. లూకా సువార్తలో చెప్పులు తెచ్చి తొడగవలసినది ఇంటి పనివారు. ఆమె ఇంటికి వెళ్లి, ఆ చెప్పులు ఆమె పాదములకు తొడిగి, చేయి పట్టుకొని మందిరములోనికి తీసికొని రావలసినవారము మేమే.