వేడెక్కాల్సింది దారిలోనే

డిసెంబరు, జనవరి నెలల్లో చెరువులవేనం పొగమంచు చూడాలని వచ్చి రాత్రి లంబసింగి గుడారాల్లో పడుకున్నవాళ్లకు తెల్లారకముందే మెలకువ వచ్చేస్తుంది. కారణం చలి ఒక్కటే కాదు, కార్ల మోత కూడా. ఉష్ణోగ్రత ఒకటి రెండు డిగ్రీలకు దిగిన ఉదయాలున్న ఊరది. పర్యాటకులు టీ తాగి సామాను సర్దుకునేలోపు డ్రైవర్లు బండ్లు స్టార్ట్ చేసి వదిలేస్తారు. కొందరు నిలబెట్టిన బండినే రేజ్ చేస్తుంటారు. అడిగితే, ఇంజిన్ వేడెక్కకుండా కదిలిస్తే పాడైపోతుందంటారు. వేడెక్కాలన్నది నిజమే. నిలబడి వేడెక్కాలన్న మాటకే కాలం చెల్లింది.

ఆ అలవాటు ఊరికే పుట్టలేదు. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని నడిపిన తరానికి చోక్ అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. పెట్రోలు ఆవిరైతేనే సరిగా మండుతుంది. చలికి అది ఆవిరి కాక లోపలి గొట్టాల గోడలకే అంటుకుంటే, సిలిండర్‌లోకి చేరేది చాలదు. చోక్ లాగితే కార్బురేటర్‌లోకి వెళ్లే గాలి తగ్గి, పెట్రోలు పాలు పెరుగుతుంది. తొందరపడి చోక్ తోసేస్తే బండి రెండు కుదుపులు కుదిపి వీధి మలుపులో ఆగిపోయేది. కాబట్టి ఆ రోజుల్లో ఆగడం అవసరం, అది తెలిసినవాడే మంచి డ్రైవర్.

2000 ప్రాంతంలో మన కార్లలో కార్బురేటర్ పోయి ఇంజెక్షన్ వచ్చింది. కూలెంట్ ఎంత చల్లగా ఉందో సెన్సర్ చెబుతుంది, ఎంత పెట్రోలు చిమ్మాలో కంప్యూటర్ నిర్ణయిస్తుంది. డాష్‌బోర్డు మీద చోక్ పిడి మాయమైంది. దానితో పుట్టిన అలవాటు మాత్రం తండ్రి నుంచి కొడుక్కి, మేస్త్రీ నుంచి శిష్యుడికి అందుతూనే ఉంది.

దీనివల్ల జరిగే నష్టం చిన్నదేమీ కాదు. ఐడిలింగ్‌లో ఇంజిన్ కాల్చే పెట్రోలు తక్కువ, అందుకే పుట్టే వేడీ తక్కువే. చల్లగా ఉన్నంతసేపూ కంప్యూటర్ ఇంధనం ఎక్కువ పాళ్లలో పంపుతుంది. బరువు లెక్కన ఒక పాలు పెట్రోలుకు సుమారు 14.7 పాళ్ల గాలి ఉంటే పూర్తిగా మండాలి. గాలి అంతకన్నా తగ్గేసరికి కొంత పెట్రోలు మండకుండా మిగిలి, సిలిండర్ గోడల మీది ఆయిల్ పొరను కడిగేస్తుంది. పిస్టన్ రింగుల పక్కనుంచి కిందికి జారి, సంప్‌లోని ఆయిల్‌ను పలచన చేస్తుంది. ఇంజిన్ మీద ప్రేమతో పావుగంట ఆగిన మనిషి, దాన్ని అరగదీసే పనే చేస్తున్నాడన్నమాట. పొగను శుద్ధి చేసే కాటలిటిక్ కన్వర్టర్ కూడా 250, 300 డిగ్రీల దాకా వేడెక్కితేగానీ సరిగా పనిచేయదు. అప్పటిదాకా వచ్చే పొగంతా పక్క గుడారంలో నిద్రపోతున్న పిల్లలకే.

మరేం చేయాలి? స్టార్ట్ చేశాక ఆయిల్ దీపం ఆరిందో లేదో చూసుకుని, సీటు బెల్టు పెట్టుకుని, అరనిమిషంలో కదలాలి. అమెరికా ఇంధన శాఖ చెప్పేదీ దాదాపు 30 సెకన్లే. డీజిల్ బండయితే తాళం తిప్పాక స్ప్రింగు చుట్ట గుర్తున్న హీటర్ లైటు ఆరేదాకా ఆగి స్టార్ట్ చేయాలి. అసలు శ్రద్ధ చూపాల్సింది ఆ తర్వాతి కొన్ని కిలోమీటర్లలో: యాక్సిలరేటర్ మీద కాలు తేలిగ్గా ఉండాలి, ఆర్‌పీఎం పెరగకముందే గేరు మార్చాలి, ఓవర్‌టేక్‌ల జోలికి పోకూడదు. టెంపరేచర్ ముల్లు మధ్యకు వచ్చిందంటే వేడెక్కింది కూలెంటే, ఆయిల్ ఇంకా వెనకే ఉంటుంది. గేర్‌బాక్సు, చక్రాల బేరింగులు, టైర్లు బండి కదిలితేగానీ వేడెక్కవు.

లంబసింగి నుంచి నర్సీపట్నం వైపు దిగేవాళ్లకు ఒక మాట. ఘాట్ దిగుతున్నంతసేపూ ఇంజిన్ మీద భారం ఉండదు, వేడి నిదానంగా ఎక్కుతుంది. కొండ దిగి చదును రోడ్డు తగలగానే ఒక్కసారిగా తొక్కేయకుండా ఇంకాస్త దూరం ఓపిక పట్టడం మేలు. ఆయిల్ విషయంలో బండితో వచ్చిన పుస్తకం చెప్పిందే పోయించాలి. 5డబ్ల్యూ-30 అన్నదాంట్లో డబ్ల్యూ శీతాకాలానికి గుర్తు. దాని ముందు అంకె ఎంత చిన్నదైతే చలిలో ఆ ఆయిల్ అంత తేలిగ్గా పారుతుంది.

అసలు చలి ఉన్నచోట సంగతి వేరు. అమెరికాలోని నార్త్ డకోటా రాష్ట్రం, గ్రాండ్ ఫోర్క్స్‌లో ఉండే ఆండ్రూ ఫ్రీమన్ 1949లో ఇంజిన్‌ను కరెంటుతో వేడిచేసే హీటర్‌కు పేటెంటు పొందారు. విన్నిపెగ్, ఎడ్మంటన్ వంటి కెనడా నగరాల పార్కింగుల్లో కార్ల కోసం ప్లగ్ పాయింట్లు ఉంటాయి. కొత్తగా వెళ్లిన తెలుగువాళ్లకు బంపర్ ముందు వేలాడే ఆ వైరు వింతగా కనిపిస్తుంది. అక్కడ స్టార్ట్ చేయకముందే ఇంజిన్ వెచ్చబడుతుంది. లడఖ్‌లోనైతే డీజిలే చిక్కబడుతుంది. శీతాకాలం సీసాలో కొబ్బరినూనె గడ్డకట్టినట్టు అందులోని మైనం పేరుకుంటుంది. డీజిల్ ట్యాంకు కింద మంట పెట్టి బండ్లు కదిలించిన డ్రైవర్లున్నారు, ఎంత ప్రమాదమో తెలిసీ. 2019లో ఇండియన్ ఆయిల్ మైనస్ 33 డిగ్రీల దాకా పారే శీతాకాలపు డీజిల్‌ను అక్కడికి పంపడం మొదలుపెట్టింది.

అద్దం మీద మంచు కరగడానికి బండిని కాసేపు ఆన్‌లో ఉంచక తప్పని రోజులు కెనడా వంటి చోట్ల ఉంటాయి. దారి కనిపించకుండా నడపమని ఎవరూ చెప్పరు. అయితే ఇంటికి ఆనుకున్న గ్యారేజీలో మాత్రం బండి ఆన్‌లో ఉంచకూడదు, షట్టర్ తెరిచి ఉన్నా సరే. పొగలోని విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, రంగు లేదు. పడకగదిలోంచి రిమోట్‌తో స్టార్ట్ చేసే సౌకర్యం వచ్చాక ఈ జాగ్రత్త మరింత అవసరమైంది. ముందు బండిని బయటికి తీయాలి. బయట నిలిపిన బండయితే, మంచు కురిసిన రాత్రి తర్వాత సైలెన్సర్ గొట్టం మూసుకుపోయిందేమో చూసి, ఆ మంచును పారతో తొలగించాకే తాళం తిప్పాలి.