‘మహానటి’: రోగశయ్య చెంత కరుణ

నాగ్ అశ్విన్ దర్శకత్వంలో 2018లో వెలువడిన ‘మహానటి’ నటి సావిత్రి జీవితచిత్రం. అదే ఏడాది తమిళంలో ‘నడిగైయర్ తిలగం’గా విడుదలైనందున పుదుచ్చేరి ప్రేక్షకులకూ ఇది పరిచితమే. సావిత్రి 1980లో బెంగళూరులో స్పృహ కోల్పోయి, 19 నెలలు అచేతనంగా ఉండి, 1981 డిసెంబరు 26న కన్నుమూశారు. చిత్రం ఆ రోగఘట్టంతోనే ఆరంభమవుతుంది.

స్పృహలేని తల్లిని చిన్నవాడైన కుమారుడు చూచే దృశ్యం హృదయాన్ని కలచివేస్తుంది. ఆపై కథ నత్తిగల పాత్రికేయురాలు మధురవాణి అన్వేషణగా సాగుతుంది. మాటలేని రోగి కథను వెదకుతూ, మాట తడబడే యువతి ధైర్యం పొందడం ఇందులోని లోతైన భావన. కీర్తి సురేష్ అభినయానికి జాతీయ పురస్కారం లభించడం సముచితమే.

అయితే ఆ 19 నెలలు గతస్మృతులకు చట్రమయ్యాయే గాని, జీవితభాగంగా రూపుకట్టలేదు. రోగికి నిత్యం పరిచర్య చేసేవారికి కథలో దక్కిన చోటు స్వల్పం. అందువల్ల ప్రేక్షకుని దుఃఖం రోగిపై కంటె, గతించిన వైభవంపైనే ఎక్కువగా నిలుస్తుంది.

వినయపిటకంలోని మహావగ్గ వృత్తాంతం ఇక్కడ స్మరణీయం. అతిసారంతో మలమూత్రాలలో పడి ఉన్న భిక్షువును తథాగతుడు, ఆనందుడు స్వయంగా కడిగి మంచంపై పరుండబెట్టారు. తనవల్ల తోటివారికి ఉపయోగం లేనందున వారు తనను ఉపేక్షించారని ఆ భిక్షువే చెప్పుకొన్నాడు. భిక్షువులు పరస్పరం పరిచర్య చేసుకోవాలని బుద్ధుడు విధించినది అప్పుడే. అక్కడ రోగి పూర్వప్రతిష్ఠ ప్రస్తావనకే రాదు. రోగం ఒక్కటే సేవకు చాలిన కారణం. ‘మహానటి’ కన్నీటిని రప్పించడంలో కృతకృత్యమైంది. ఈ దృష్టిని కూడా అందుకొని ఉంటే మరింత ఉన్నతమై ఉండేది.